తొమ్మిదో నంబరు కార్డు

ఫిబ్రవరి 5, సోమవారం

వానలో కూడా శరణార్థుల ఇంగ్లీషు క్లాసుకి ఇరవై ఆరుమంది వచ్చారు. చర్చి వెనక హాలు రేకుల మీద చినుకుల మోతకి నా గొంతు నాకే వినబడలేదు. అయినా ఆసుపత్రి పాఠం పూర్తి చేశాను. బిసింవా ముసలాయన రోగిగా, నబింటు నర్సుగా నటించారు. "నొప్పి ఎక్కడ? ఎప్పటినుంచి?" అని నబింటు ఇంగ్లీషులో తప్పు లేకుండా అడిగింది. ముసలాయన జవాబు చెప్పకుండా నావైపు తిరిగాడు.

"టీచరమ్మా, నేను కాంగో నుంచి కంపాలా వచ్చి పదేళ్ళయింది. ఏ నర్సూ ఎప్పటినుంచి అని అడిగిన పాపాన పోలేదు. రోగం రాయడానికి నోటుబుక్కు కొనుక్కొచ్చావా అంటుంది. లేదంటే పోయి కొనుక్కురా అంటుంది. తిరిగొచ్చేసరికి నొప్పే పోతుంది."

హాలంతా నవ్వులు. ఆయన చెప్పింది నిజమే కాబట్టి నోటుబుక్కు వాక్యం కూడా పాఠంలో చేర్చాను. ముప్పై నాలుగేళ్ళు మా కంపాలా బడిపిల్లలకి చెప్పాను గాని, ఎదురు చెప్పే విద్యార్థులు రిటైరయ్యాకే దొరికారు. బాగుంది.

కొత్తగా చేరినావిడని ఊరిపేరు అడిగితే బిక్కచచ్చిపోయింది. అటూ ఇటూ చూసింది. పక్క బెంచీలో కూర్చున్నది ఎవరో, అక్కడి యుద్ధంలో వాళ్ళవాళ్ళు ఎవరి ఇళ్ళు తగలబెట్టారో ఎవరికి తెలుసు. అందుకే నా కార్డులు. కల్పించిన ఊరు, కల్పించిన మొగుడు, కల్పించిన పిల్లలు. ఎవరి కార్డు వాళ్ళది. సొంత సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇంగ్లీషు మాత్రం వస్తుంది. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. ఆమెకి ఇరవై రెండో నంబరు ఇచ్చాను. రెండు నిమిషాల్లో ఆమె ముఖం తేటపడింది.

ఫిబ్రవరి 14, బుధవారం

నబింటుకి శరణార్థి ఇంటర్వ్యూ వచ్చే మంగళవారం. ఏడాదిన్నరగా ఎదురుచూస్తోంది. ఇందులో నెగ్గితే ఈ దేశంలో ఉండనిస్తారు. లేదంటే పొమ్మంటారు.

క్లాసయ్యాక కూర్చోబెట్టి మళ్ళీ చెప్పించాను. తొమ్మిదో నంబరు కార్డు ఆమెది. నల్లబల్ల మీద ఫారం నింపి చూపించాల్సి వచ్చినప్పుడల్లా నేను రాసేదీ ఆ కార్డే. పుట్టిన ఊరు కాంగోలో కిసంగాని. భర్త దర్జీ. పిల్లలు నలుగురు. వచ్చింది లారీలో. ప్రశ్నలన్నీ ఆఫీసువాళ్ళు అడిగే వరసలోనే పెట్టాను, ఆ మాత్రం తెలివి నాకుంది. నబింటు నోట్లో నాలుక లేని మనిషి, కానీ పట్టు గట్టిది. ఎనిమిది నెలల కిందట తన పేరు రాయడం రానిది, ఈ రోజు పన్నెండు ప్రశ్నలకి పన్నెండు పూర్తి వాక్యాలు చెప్పింది.

"దుబాసీ కావాలా అని అడుగుతారు. వద్దని చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పుకో" అన్నాను.

"తప్పు చెబితే, టీచర్?"

"తప్పు చెప్పవు. తడబడినా వెనక్కి వెళ్ళి దిద్దుకోకు. దిద్దుకుంటే అబద్ధం అనుకుంటారు."

తల ఊపింది.

ఫిబ్రవరి 20, మంగళవారం

నబింటు ఇంటర్వ్యూ అయింది. దుబాసీ లేకుండా, మొత్తం ఇంగ్లీషులో. నా విద్యార్థుల్లో ఇదే మొదటిసారి. పక్కింట్లో ఉండే మా చెల్లెలు నాన్యొంజోకి గోడ మీదుగా కేక వేసి మరీ చెప్పాను. "లాటరీ నీకు తగిలినట్టుందే అక్కా" అంది. అననీ.

మార్చి 18, సోమవారం

క్లాసయ్యాక నబింటు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. తిరస్కరించారు. వచ్చిన కొత్తలో ఆమె స్వాహిలిలో నమోదు చేయించిన వివరాలకీ, ఇంటర్వ్యూలో చెప్పిన వాటికీ పొంతన లేదట. పుట్టిన ఊరు, భర్త, పిల్లల సంఖ్య, వచ్చిన దారి. నాలుగూ వేరట. చెప్పిన మనిషిని నమ్మడానికి లేదట. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

కింద, ఇంటర్వ్యూలో ఆమె చెప్పినవి వరసగా రాశారు. కిసంగాని. దర్జీ. నలుగురు. లారీ.

రెండుసార్లు చదివాను. "రేపు చూద్దాం" అని పంపేశాను.

మార్చి 19, మంగళవారం

ఆమెకి మతి లేదు కాకపోతే ఏమిటి. తనకి పిల్లలెంతమందో తనకి తెలియదా.

మార్చి 20, బుధవారం

నబింటు క్లాసుకి రాలేదు. బిసింవాది ఆమె పక్క గదే కాబట్టి ఆయన్ని ఆపి అడిగాను. ఆయన సంచీ కింద పెట్టి నింపాదిగా చెప్పాడు.

"ఆ ఆఫీసరు పేరు అడిగాడట, చెప్పింది. తరవాత మీరడిగినట్టే అడిగాడట. అదే వరస, అదే మాట. నోరు దానంతటదే పరిగెత్తిందట టీచరమ్మా. నలుగురు పిల్లలు అన్నాక గాని తెలివిలోకి రాలేదు."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా, పొరపాటైందని?"

"వెనక్కి వెళ్ళి దిద్దుకోకూడదని మీరే చెప్పారటగా. సరే ఇక అదే కానీ అని కడదాకా చెప్పేసిందట." సంచీ భుజాన వేసుకుంటూ, "మంచి విద్యార్థి మరి" అన్నాడు. ఆయన ఎగతాళి చేశాడో లేదో తెలియలేదు.

ఇందులో నా తప్పేముందో నాకు కనబడలేదు. కార్డు కార్డే, ఆఫీసు ఆఫీసే. ఇరవై ఆరుమందిలో ఒక్కరికి కలగలిసిపోతే పద్ధతిది తప్పా?

మార్చి 22, శుక్రవారం

ఈ క్లాసు నడిపించే లుబోవాతో మాట్లాడాను. చర్చి గదిలో కుర్చీ వేసి, టీ, వేరుశనగలు తెప్పించాడు. కుటుంబం కుశలాలన్నీ అడిగాకే విషయంలోకి రానిచ్చాడు. విన్నాక లేచి వెళ్ళి తలుపు మూసొచ్చాడు.

"మేడం, కిందటి నెల పాత టాక్సీ స్టాండు దగ్గర ఒకణ్ణి పట్టుకెళ్ళారు, తెలుసా? శరణార్థులకి కట్టుకథలు రాసిచ్చి బట్టీ పట్టిస్తున్నాడని. మీ కార్డుల్లో ఏముంది? కట్టుకథ. మీరేం చేయించారు? బట్టీ. మీకూ నాకూ తేడా తెలుసు. వాళ్ళకి తెలుస్తుందా?"

"అది భాష నేర్పడానికండీ."

"నాకు చెప్పకండి, నేను నమ్ముతాను. మీరు వెళ్ళి ఒక్క ముక్క చెబితే హాలుకి తాళం పడుతుంది. ఒక్కరి కోసం ఇరవై ఐదుమంది నోరు కొడతారా? ఆవిడకి ఒక లాయరుని చూద్దాం లెండి."

ఆయన మాటలో న్యాయముంది. ఇరవై ఐదుమంది అంటే తక్కువా. నేను ఆలోచించాల్సింది అందరి గురించీ. దారంతా అదే అనుకుంటూ ఇంటికొచ్చాను.

మార్చి 25, సోమవారం

నబింటు వచ్చింది, చివరి బెంచీలో కూర్చుంది. తొమ్మిదో నంబరు కార్డు తీసుకోలేదు. నేనూ ఇవ్వలేదు. ఈ రోజు పాఠం వీధి ఛైర్మన్ దగ్గర ఇక్కడే ఉంటున్నట్టు ఉత్తరం తీసుకోవడం. ముందు నమస్కారం, తరవాత కుశలం, ఆ తరవాతే పని. వాళ్ళకి నేను చెప్పాలా, వాళ్ళ ఊళ్ళలోనూ అంతేనట.

సాయంత్రం నాన్యొంజో అరటికాయ ముద్దా పల్లీల పులుసూ తెచ్చింది. సంగతంతా చెప్పాను. ముద్ద చిదుపుతూ విని, "మరి దుబాసీ ఏడి?" అంది.

"తనే వద్దందట."

"ఎందుకు?"

"నాకేం తెలుసు."

"నువ్వేగా అక్కా, దుబాసీ లేకుండా చెప్పిందని గోడ మీదుగా నా ప్రాణం తీశావు?"

"అంటే? నేను గొప్పగా చెప్పుకుంటే నేనే వద్దన్నట్టా?"

"నేనన్నానా ఆ మాట? గుమ్మడికాయ దొంగంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?"

ఆ పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పి పంపించాను. ఎక్కువ కాలేదు.

మార్చి 29

గుడ్‌ఫ్రైడే. క్లాసు లేదు. రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

లాయరు సంగతి లుబోవాని అడిగాను. చూస్తున్నానన్నాడు. ఇంకా పదిహేను రోజులున్నాయి. పదిహేను రోజులంటే తక్కువేం కాదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

పాత పేజీలు తిరగేశాను. ఫిబ్రవరి పద్నాలుగున నా చేతిరాతే ఉంది. వద్దని చెప్పు అని. వెనక్కి వెళ్ళి దిద్దుకోకు అని. మార్చి పంతొమ్మిదిన ఆమెకి మతి లేదని రాసిందీ అదే చెయ్యి.

పేజీ చింపబోయాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం, చింపి ఎవరిని మోసం చేయాలి?

సిగ్గుగా ఉంది. అరవై ఏళ్ళ వయసులో ఇంత సిగ్గుపడతానని అనుకోలేదు.

ఏప్రిల్ 8, సోమవారం

క్లాసయ్యాక నబింటు వెంట వాళ్ళ గదికి వెళ్ళాను. పది నెలల్లో ఎప్పుడూ వెళ్ళలేదు. బిసింవా దారి చూపించి, "మీరొస్తున్నారని తెలిస్తే గోడలకి సున్నం వేయించేవాళ్ళం" అన్నాడు. చిన్న గది, కర్టెన్ వెనక మంచం. ఆమె ఏడేళ్ళ కూతురు నా ముందు మోకరిల్లి, మా లుగాండా భాషలో మా వాళ్ళ పిల్లలకంటే చక్కగా కుశలమడిగింది. నబింటు నాకు కుర్చీ వేసి తను చాప మీద కూర్చుంది. బజారులో పచ్చిమిరపకాయలు అమ్ముతూ నేర్చిన లుగాండాలోనే మాట్లాడింది.

"అప్పీలు కాగితం రాయించావా?" అన్నాను.

"చర్చిలో లుబోవా ఒకబ్బాయిని పంపాడు, రాసిచ్చాడు. దుబాసీని ఎందుకు వద్దన్నావని అడిగాడు. నా ఇష్టంతోనే వద్దన్నానని రాయించాను."

"ఎందుకలా రాయించావు? అది అబద్ధం కదా."

పిల్లని బయటికి పంపింది. "మీ పేరు చెబితే క్లాసు మూసేస్తారని ఆ అబ్బాయి అన్నాడు. మీరు నాకు చదువు చెప్పారు టీచర్. మీ ముఖం మీద మసి పూస్తానా?"

"నువ్వు ఇష్టపడి వద్దన్నావని రాస్తే, ఆ చెప్పిందంతా నీ బుద్ధితోనే చెప్పినట్టు. ఓడిపోతావు. తెలుసా?"

"తెలుసు" అంది.

టీ ఇచ్చింది. తాగాను. 

ఏప్రిల్ 9, మంగళవారం

పొద్దున్నే కూర్చుని ఉత్తరం రాశాను. కార్డులు నావి. వరస నాది. దుబాసీని వద్దనమన్నది నేను. దిద్దుకోవద్దన్నదీ నేను. నాలుగు వాక్యాలు. చిత్తు ప్రతి అవసరం లేకపోయింది.

ఏప్రిల్ 11, గురువారం

ఆ ఉత్తరం, దానితో తొమ్మిదో నంబరు కార్డు, అప్పీలు చూసే బోర్డు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. అక్కణ్ణించి తిన్నగా లుబోవా దగ్గరికి వెళ్ళి చెప్పాను. టీ తెప్పించలేదు.

"మేడం, మీ మనశ్శాంతి కోసం మా అందరి నెత్తినా బండ వేశారు" అన్నాడు.

"నా మనశ్శాంతి కోసం కాదు."

"మరెందుకు?"

"ఆమెకి ఇంకో దారి లేదు గనక."

కార్డుల పెట్టె అడిగి తీసుకున్నాడు. ఇచ్చేశాను. విచారణ తేలేదాకా క్లాసుకి రావద్దన్నాడు. తన మేనకోడలు చెబుతుందట, అచ్చు పుస్తకాలున్నాయట. సరేనన్నాను. ఆయన మీద కోపం రాలేదు. ఆయన భయమూ నిజమైనదే.

ఏప్రిల్ 15, సోమవారం

క్లాసు వేళకి ఎప్పట్లాగే గోమెసి గౌను తొడుక్కుని, నడికట్టు కట్టుకుని, చేతిసంచీ తీసుకుని గేటుదాకా వెళ్ళాను. గుర్తొచ్చి తిరిగొచ్చాను. గోడ అవతల నాన్యొంజో చూసింది. చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 30, మంగళవారం

విచారణ. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదికే వెళ్ళాం. నబింటు, నేను, తోడుగా బిసింవా. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. గుమాస్తా వచ్చి నాకు సాక్షి ఫారం ఇచ్చాడు. అప్పీలుదారు గురించి సాక్షికి తెలిసిన వివరాలు నింపాలి. ఫారాలు నింపడం నేర్పేదాన్ని కదా, కళ్ళజోడు పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో చకచకా నింపిచ్చాను. బిసింవా చూసి, "నల్లబల్ల మీద రాసినట్టే ఉంది" అని మెచ్చుకున్నాడు.

లోపల ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడే అధ్యక్షురాలు. ముందు నబింటునే ఇంగ్లీషులో అడిగింది. "దుబాసీని ఎవరు వద్దన్నారు?"

నబింటు నిలబడి పూర్తి వాక్యం చెప్పింది. "దుబాసీని నేనే నా ఇష్టంతో వద్దన్నాను."

"అది నిజం కాదమ్మా. వద్దనమన్నది నేను" అన్నాను.

"మీ వంతు రాలేదు, కూర్చోండి" అంది ఆవిడ. కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. ఉత్తరంలో రాసిందే చెప్పాను. ఎడమ పక్కాయన అడ్డుపడ్డాడు. "ఎవరి సంగతి వాళ్ళు మరిచిపోయి అట్టముక్క మీద రాసింది అప్పజెబుతారా? చెప్పేదానికి ఒక అర్థముండాలి."

"అలవాటు పడితే చెబుతారండీ" అన్నాను. నా మాట నాకే పేలవంగా వినిపించింది.

అప్పుడు అధ్యక్షురాలు నా సాక్షి ఫారం పైకెత్తింది. కాసేపు చూసి, నెమ్మదిగా చదివింది. "అప్పీలుదారు పుట్టిన ఊరు, కిసంగాని. భర్త వృత్తి, దర్జీ. పిల్లలు, నలుగురు." కళ్ళజోడు తీసి నావైపు చూసింది. "టీచరుగారూ, ఇది అబద్ధమని చెప్పడానికి వచ్చారు. ఇందాక వరండాలో కూర్చుని ఇదే నిజమని రాసి సంతకం చేశారు. ఎందుకు?"

ఆ అక్షరాలు నావే. రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. వాళ్ళ గదిలో ఒక్కతే పిల్లని చూసి వచ్చినదాన్ని, నలుగురని రాశాను. ఎడమ పక్కాయన కార్డు తీసి, ఫారం పక్కన పెట్టి, రెంటినీ చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకు రాశారు?" అని ఆవిడ మళ్ళీ అడిగింది, ఈసారి మెల్లగా.

"నేనేమీ ఆలోచించలేదండీ. వరసలో అడిగితే చెయ్యి రాసేసింది" అన్నాను. "ఈమె గురించి నాకు ఇంతకుమించి తెలియదు. పది నెలలు పాఠం చెప్పాను. ఒక్కసారి కూడా అడగలేదు."

ఏడుపొచ్చింది. ముగ్గురు పెద్దమనుషుల ముందు ముక్కు చీదుకున్నాను. వాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. తరవాత ఆవిడ గుమాస్తాని పిలిచి, స్వాహిలి దుబాసీని తీసుకురమ్మంది. నన్ను బయట కూర్చోమంది.

వరండాలోకి వచ్చాను. బిసింవా జరిగి చోటిచ్చాడు. తలుపు వెనక నుంచి గొంతు మొదలైంది. మొదట ఎవరిదో అనుకున్నాను. గబగబా, గట్టిగా, మధ్యలో ఎవరో ఏదో అడిగితే "ఆగండి, చెబుతున్నానుగా" అన్నట్టు వాళ్ళని దాటుకుంటూ. ఒకచోట ఎవరినో అనుకరించింది. ఒకచోట కోపంగా ఏదో కొట్టినట్టు చప్పుడైంది. ఇంకోచోట నవ్వింది. దుబాసీ అందుకోలేక రెండుసార్లు ఆపమని బతిమాలాడు.

"ఎవరది?" అన్నాను.

"ఎవరేమిటి, నబింటే" అన్నాడు బిసింవా. "మా వాడలో దాని నోటికి జడవని మనిషి లేడు. బజారులో అందరి తగవులూ తీర్చేది అదే. మీకు తెలియదా?"

నోట్లో నాలుక లేని మనిషని రాశాను నేను. మా చిన్నప్పుడు, ఇక్కడ సైన్యం రాజ్యమేలినప్పుడు, స్వాహిలి అంటే తుపాకులవాళ్ళ భాష, తలుపు తట్టే భాష. ఆ భాష వినబడితే ఇంట్లో దీపం ఆర్పేవాళ్ళం. అందులో ఒక ఆడమనిషి అంతసేపు ఆగకుండా మాట్లాడగా వినడం నాకిదే మొదలు. గంటా నలభై నిమిషాలు. మధ్యలో చాలాసేపు గొంతు తగ్గిపోయింది, అప్పుడు బిసింవా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏం చెబుతోందని నేను అడగలేదు.

మే 13, సోమవారం

బిసింవా వచ్చి వెళ్ళాడు. లుబోవా మేనకోడలు బాగానే చెబుతోందట, కాకపోతే లండన్‌లో రైలు టికెట్టు కొనడం నేర్పుతోందట. "ఇక్కడ రైలెక్కడుంది టీచరమ్మా?" అన్నాడు. నన్ను మళ్ళీ రమ్మంటారని నమ్మకం లేదు. బాధగా ఉంది. లేదని ఇక్కడ కూడా రాసుకుంటే ఇంకెక్కడ చెప్పుకోను?

మే 24, శుక్రవారం

మధ్యాహ్నం నబింటు వచ్చింది. కాగితం నా చేతిలో పెట్టింది. అప్పీలు ఒప్పుకున్నారు. ఆమెనీ కూతుర్నీ ఉండనిస్తారు. మూడుసార్లు చదివాను, ఎక్కడైనా మెలిక ఉందేమోనని. లేదు.

టీ పెట్టాను. కుర్చీ వేస్తే ఈసారి కూర్చుంది. నేను అడిగాను. ఎవరికీ చెప్పనక్కర్లేదని నేనే నేర్పిన సంగతి, నేనే అడిగాను. "మీ ఊరేది నబింటూ? పిల్లలెంతమంది?"

ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "నాకు ఇద్దరు" అని ఆగింది. లుగాండాలో రెండు మాటలు చెప్పి, చాలక, తన భాషలోకి వెళ్ళిపోయింది. ఇంక ఆగలేదు. చేతులు తిప్పుతూ, కుర్చీ అంచుకి వచ్చి, ఎవరో పరిగెత్తినట్టు చూపిస్తూ, ఎవరినో తిడుతూ. ఒక పేరు పదేపదే వచ్చింది, ఇక్కడున్న పిల్ల పేరు కాదు. ఆ పేరు వచ్చిన ప్రతిసారీ అరచేతిని నేలకి ఎత్తుగా పట్టి చూపించింది, ఇంత ఉండేది అన్నట్టు. నా నడుందాకా కూడా రాదు.

నాకు పదో వంతు కూడా అర్థం కాలేదు. టీ చల్లారిపోయింది, గోడ అవతల నాన్యొంజో పిలుస్తూనే ఉంది. చీకటి పడేదాకా కూర్చుని విన్నాను.